మొదటిసారి స్కీయింగ్‌కు గుల్మార్గా, ఔలియా, మనాలియా?

నమస్తే అండి. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. వరంగల్ నుంచి మీరు ఐదుగురు వెళ్తున్నారు: మీరు, మీవారు, 13 ఏళ్ల బాబు, 9 ఏళ్ల పాప, బీపీ ఉన్న 66 ఏళ్ల మీ అత్తయ్యగారు. చేతిలో 7 రోజులున్నాయి. సంక్రాంతి సెలవుల్లో అయితే పిల్లల బడి పోదు. గుల్మార్గ్ (కశ్మీర్), ఔలి (ఉత్తరాఖండ్), మనాలి (హిమాచల్ ప్రదేశ్) మూడింటిలో ఎక్కడైతే పిల్లలు నిజంగా స్కీయింగ్ నేర్చుకుంటారని అడిగారు. కాలిఫోర్నియాలో ఉన్న మీ తమ్ముడు "గ్రీన్ రన్లు (తేలికైన స్కీ బాటలు) ఎక్కువున్న రిసార్టు చూసుకో అక్కా" అన్నాడట. ఆ సలహా మన దేశంలో ఎలా పనికొస్తుందో తెలియట్లేదని రాశారు.

నేను ఢిల్లీలో ఉద్యోగం చేసే రోజుల్లో స్కీయింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఏటా చలికాలంలో మన తెలుగు కుటుంబాలతో కలిసి ఈ కొండలకు వెళ్తుంటాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. మీకు గుల్మార్గ్ సరైనది. సంక్రాంతికి కాకుండా ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో వెళ్లండి. శ్రీనగర్‌లో ఉండి ఒక్కరోజు పైకి వెళ్లి రావడం కాకుండా, గుల్మార్గ్‌లోనే 4 రాత్రులు ఉండండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా పిల్లలకు మంచు చూసిన ఆనందం దక్కుతుంది కానీ స్కీయింగ్ రాదు.

స్కీ రిసార్టుల గురించి ఎవరిని అడిగినా శిఖరం గురించే చెబుతారు. ఎంత ఎత్తు, కేబుల్ కార్ ఎంత పొడవు, పైన ఎన్ని అడుగుల మంచు అని. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ శిఖరంతో పనే లేదు. మీకు కావలసింది కొండ అడుగున ఓ మూడొందల మీటర్ల మెత్తటి వాలు. దాని చివర నేల చదునుగా ఉండాలి, అదుపు తప్పినా స్కీలు వాటంతట అవే ఆగిపోయేలా. చెట్లు, బండరాళ్లు, మంచు స్కూటర్లు దారిలో ఉండకూడదు. పైకి లాక్కెళ్లే డ్రాగ్ లిఫ్ట్ ఉంటే మంచిది, లేకపోతే రోజులో సగం టైం స్కీలు భుజాన వేసుకుని ఎక్కడానికే పోతుంది. ఆ వాలు మీద నాలుగు రోజులు వరసగా మంచు ఉండాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కొత్తవాళ్ల వాలు ఎప్పుడూ కొండకు అట్టడుగునే ఉంటుంది. మంచు అన్నిటికంటే ఆలస్యంగా పడేది అక్కడే, అన్నిటికంటే ముందు కరిగేదీ అక్కడే. 3,900 మీటర్ల ఎత్తున నడుము లోతు మంచు ఉన్న రోజే 2,600 మీటర్ల దగ్గర గడ్డి కనిపించవచ్చు. "గుల్మార్గ్‌లో భారీ హిమపాతం" అనే వార్త, అక్కడెవరో పెట్టిన వీడియో పై భాగానివి కావచ్చు. అందుకే హోటల్‌కు ఫోన్ చేసినప్పుడు "మంచు ఉందా" అని అడగొద్దు. "కింద మైదానంలో, పిల్లలకు నేర్పించే చోట ఎంత మందం ఉంది, ఈరోజు తీసిన వీడియో పంపండి" అని అడగండి. ఓ అడుగున్నర మంచు గట్టిగా తొక్కుడుపడి ఉంటే నేర్చుకోవడానికి సరిపోతుంది.

ఇక మంచు సంగతి. హిమాలయాల్లో చలికాలపు మంచు మన రుతుపవనాల వల్ల పడేది కాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చే పశ్చిమ అలజడులు (వానను, మంచును తెచ్చే వాతావరణ వ్యవస్థలు) మోసుకొచ్చే తేమతో పడుతుంది. అవి పడమటి నుంచి వస్తాయి కాబట్టి వాటి దారిలో కశ్మీర్ ముందుంటుంది. పీర్ పంజాల్ పర్వతశ్రేణి మీదున్న గుల్మార్గ్‌కు మంచి వాటా దొరుకుతుంది. హిమాచల్ దాటి ఉత్తరాఖండ్ చేరేసరికి చాలాసార్లు ఆ తేమ తగ్గిపోతుంది. మూడింటిలో గుల్మార్గ్ మంచును ఎక్కువ నమ్మవచ్చు అనడానికి కారణం ఇదే. ఔలిలో కృత్రిమంగా మంచు తయారుచేసే యంత్రాలు పెట్టారు కానీ గాలి తగినంత చల్లబడకపోతే అవి కూడా మంచు చేయలేవు. మంచు చాలక అక్కడ పోటీలు రద్దయిన సందర్భాలు ఉన్నాయి.

గుల్మార్గ్‌కు గ్యారంటీ ఉందని మాత్రం అనుకోవద్దు. 2024 జనవరిలో నెలలో ఎక్కువ భాగం గుల్మార్గ్ మైదానం మంచు లేకుండా ఎండుగడ్డితో ఉండిపోయింది. దేశమంతా ఆ ఫొటోలు చూసింది. నెలాఖరున మంచు పడింది, ఫిబ్రవరిలో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ అక్కడే జరిగాయి. ఆ మరుసటి ఏడాది, 2025లో, ఫిబ్రవరి చివర్లో జరగాల్సిన గుల్మార్గ్ పోటీలను మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. ఈ రెండేళ్ల సంగతి చూస్తేనే తెలుస్తుంది, ఎత్తైన చోటుకు కూడా ఇప్పుడు పూచీ లేదని.

కాబట్టి సంక్రాంతి గురించి. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజుల్ని చిల్లై కలాన్ అంటారు. అతి చలి రోజులవి. మన సంక్రాంతి సరిగ్గా వాటి మధ్యలో పడుతుంది. చలికి కొదవ ఉండదు కానీ మంచు పేరుకునే పని అప్పటికి సగంలో ఉంటుంది. వరసగా ఒకటి రెండు అలజడులు తప్పిపోతే మైదానం ఖాళీ. ఫిబ్రవరి మొదటి, రెండో వారానికి సాధారణంగా అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. పగలు కాస్త పెద్దదవుతుంది, కొత్త సంవత్సరపు రద్దీ, ఆ రేట్లు ఉండవు. మార్చిలో మధ్యాహ్నానికి మంచు తడిసి బరువెక్కుతుంది, పొద్దున్నే గాజులా గట్టిపడి ఉంటుంది. కొత్తవాళ్ల కాళ్లకు రెండూ కష్టమే.

బడి పోతుందనే మీ బెంగ నాకు అర్థమైంది. బాబు ఎనిమిదో, తొమ్మిదో తరగతి అయి ఉంటాడు. ఫిబ్రవరి మొదట్లో వార్షిక పరీక్షలు ఉండవు. ఐదు పనిదినాలు సెలవు అడగండి. స్కూలు ఒప్పుకోక సంక్రాంతికే వెళ్లాల్సి వస్తే, ఒక షరతు పెట్టుకోండి. డబ్బు వాపస్ వచ్చే రేటుకే విమానం, హోటల్ బుక్ చేసి, బయల్దేరడానికి నాలుగైదు రోజుల ముందు కింది వాలు వీడియో చూసి తుది నిర్ణయం తీసుకోండి. మంచు లేకపోతే నిర్మొహమాటంగా వాయిదా వేయండి. పిల్లలకు నెల రోజుల నుంచి ఆశ పెట్టి, తీరా గడ్డి మీద నిలబెట్టడం కంటే అదే నయం.

ఇప్పుడు మీ 7 రోజుల్ని లెక్కపెడదాం. చాలామంది రిసార్టు గొప్పదనం చూస్తారు గానీ అక్కడికి చేరడానికి ఎన్ని రోజులు తినేస్తుందో చూడరు.

ఔలికి వెళ్లాలంటే హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు విమానం, అక్కడినుంచి ఋషీకేశ్ మీదుగా జోషీమఠ్. ఋషీకేశ్ నుంచి జోషీమఠ్‌కు 250 కిలోమీటర్లు అనగానే నాలుగైదు గంటలు అనుకుంటాం. ఘాట్ రోడ్డు కాబట్టి తొమ్మిది, పది గంటలు పడుతుంది, రాత్రి పూట నడపనివ్వరు. వెళ్లడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. మిగిలేది మూడు రోజులు. పైగా 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పటి నుంచి, అక్కడినుంచి ఔలికి వెళ్లే 4 కిలోమీటర్ల పేరుపొందిన రోప్‌వేను ఆపేశారు. రోడ్డు మార్గమే దిక్కు. మంచు ఎక్కువ పడిన రోజున ఆ రోడ్డే అడ్డంకి. 66 ఏళ్ల అత్తయ్యగారితో ఇంత ప్రయాణం నేను సలహా ఇవ్వను.

అలాగని ఔలిని తక్కువ చేయను. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన వాలు అది. పొద్దున్నే స్కీలు తొడుక్కుని నిలబడితే ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి కనిపిస్తుంది. మన దేశంలో స్కీ వాలు నుంచి అంత అందమైన దృశ్యం ఇంకోటి లేదని నా అభిప్రాయం. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు అక్కడ 7 రోజుల, 14 రోజుల కోర్సులు నడుపుతారు. డిగ్రీ చదివే అమ్మాయో, ఉద్యోగంలో రెండు వారాల సెలవు దొరికిన అబ్బాయో నన్ను అడిగితే ఔలి కోర్సు గురించి తప్పకుండా చెబుతాను. మీ కుటుంబానికి మాత్రం అది సరిపడదు.

మనాలి అంటే నిజానికి సోలాంగ్ లోయ. ఊరికి 13, 14 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో 12 నుంచి 14 గంటలు. కాగితం మీద మీకు నాలుగు రోజులు మిగులుతాయి. ఎత్తు కూడా గుల్మార్గ్‌కు దగ్గరే, సుమారు 2,560 మీటర్లు. తేడా ఆ వాలును వాడే తీరులో ఉంది. సోలాంగ్‌లో ఒకే మైదానంలో ట్యూబులు, గుర్రాలు, మంచు స్కూటర్లు, పారాగ్లైడింగ్ దిగేవాళ్లు, ఫొటోల కోసం వచ్చినవాళ్లు అందరూ ఉంటారు. సెలవు రోజుల్లో మనాలి నుంచి అక్కడికి చేరడానికే గంటలు పడుతుంది. మంచు మధ్యాహ్నానికల్లా తొక్కిసలాటలో బురదవుతుంది.

అక్కడ "స్కీయింగ్ చేయిస్తాం" అంటూ వచ్చేవాళ్లలో చాలామంది చేసే పని ఏమిటంటే, మీ కాళ్లకు స్కీలు కట్టి, వెనక నిలబడి మిమ్మల్ని పట్టుకుని కొంత దూరం జారించి, మళ్లీ పైకి నడిపిస్తారు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఫొటో బాగుంటుంది కానీ ఒక్క మలుపు కూడా రాదు. గట్టిగా నేర్చుకోవాలనుకునే యువతకు మనాలిలోనే అటల్ బిహారీ వాజ్‌పేయి పేరున్న పర్వతారోహణ సంస్థ సోలాంగ్‌లో నడిపే స్కీ కోర్సులు చక్కటి దారి. అవి వారాల తరబడి సాగే శిక్షణలు, కుటుంబ విహారానికి కుదరవు. ఇంకా చిన్నపిల్లలు ఉండి, మంచులో ఆడుకోవడమే కోరిక అయితే మనాలి హాయిగా వెళ్లండి. 2020 అక్టోబర్‌లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపు సిస్సు దాకా వెళ్తే సోలాంగ్‌లో లేని రోజు కూడా మంచు దొరికే అవకాశం ఎక్కువ.

ఇక గుల్మార్గ్. హైదరాబాద్‌లో పొద్దున బయల్దేరితే ఢిల్లీ మీదుగా సాయంత్రానికి శ్రీనగర్. ఆ రాత్రి అక్కడే ఉండండి. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. చివరి 13 కిలోమీటర్లు, అంటే టంగ్‌మార్గ్ నుంచి పైకి, ఘాట్. మంచు పడ్డాక మామూలు కార్లను టంగ్‌మార్గ్‌లోనే ఆపేస్తారు. అక్కడ టైర్లకు గొలుసులు కట్టిన బండి మాట్లాడుకుని పైకి వెళ్లాలి. హోటల్‌వాళ్లనే ఆ బండి పంపమని ముందుగా అడిగితే టంగ్‌మార్గ్‌లో బేరాల టెన్షన్ ఉండదు. అక్కడ గమ్‌బూట్లు, కోట్లు అద్దెకు తీసుకోకపోతే పైకి పోనివ్వరని కొందరు భయపెడతారు. అలాంటి నియమం ఏదీ లేదు. మీ దగ్గర సరైన బూట్లుంటే నేరుగా వెళ్లిపోండి.

రెండో రోజు మధ్యాహ్నానికి మీరు గుల్మార్గ్‌లో ఉంటారు. ఆ రోజు స్కీయింగ్ వద్దు. బూట్లు సరిచూసుకోండి, కాస్త నడవండి, తొందరగా పడుకోండి. 2,650 మీటర్ల ఎత్తు కదా, మొదటి రాత్రి కొంచెం తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. నీళ్లు బాగా తాగాలి. మూడు, నాలుగు, ఐదు రోజులు పూర్తిగా వాలు మీదే. ఆరో రోజు పొద్దున కూడా రెండు గంటలు నేర్చుకుని మధ్యాహ్నం శ్రీనగర్ దిగిపోండి. ఏడో రోజు విమానం. ట్రావెల్ ఏజెంట్ మీకిచ్చిన "శ్రీనగర్ 3, పహల్గామ్ 2, గుల్మార్గ్ డే ట్రిప్" ప్యాకేజీలో పోను రాను, క్యూలు, భోజనం పోగా వాలు మీద గంటన్నర మిగిలితే గొప్ప. దాల్ సరస్సు, పహల్గామ్ ఇంకో ఎండాకాలంలో చూడండి, అప్పుడు ఇంకా బాగుంటాయి.

గుల్మార్గ్ గొండోలా, అంటే కేబుల్ కార్, గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాని చుట్టూనే ప్రయాణం అల్లుకుంటారు. మొదటి దశ గుల్మార్గ్ నుంచి సుమారు 3,080 మీటర్ల కోంగ్‌డూరి దాకా. రెండో దశ అక్కడినుంచి అఫర్వత్ కొండ భుజం మీద సుమారు 3,950 మీటర్ల దాకా. ప్రపంచం నలుమూలల నుంచి స్కీయర్లు వచ్చేది ఆ రెండో దశ కోసం. పైన దిగాక అంతా సహజమైన కొండే. మంచును చదును చేసిన బాటలు ఉండవు. నిటారు వాలు, దాగిన బండలు, అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడటం) ముప్పు. మీలో ఎవరూ స్కీలతో అక్కడ దిగకూడదు, ఎవరెంత భరోసా ఇచ్చినా సరే. చూసి రావడానికి వెళ్లొచ్చు, స్కీలు లేకుండా, అదే గొండోలాలో తిరిగి వచ్చేలా. గాలి ఎక్కువైనా, కొత్తగా మంచు పడినా రెండో దశ ఆపేస్తారు. ఆ ఒక్క టికెట్ కోసం మీ క్లాసు రోజును పణంగా పెట్టొద్దు. టికెట్లు జమ్మూ కశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలి, తేదీ ఖరారైన వెంటనే తీసుకోండి. "బ్లాకులో ఇప్పిస్తాం" అని దారిలో కలిసేవాళ్లను దూరం పెట్టండి.

మీ అసలు స్థలం కింది మైదానం. ఎండాకాలంలో గోల్ఫ్ ఆడే పచ్చికబయలే చలికాలంలో కొత్తవాళ్ల బడి. డ్రాగ్ లిఫ్టులు అక్కడే ఉంటాయి. ఏ రోజైనా మైదానంలో మంచు పలచబడితే కోంగ్‌డూరి మీకు రెండో దారి. అక్కడ ఎత్తు వల్ల మంచు నిలుస్తుంది, కొంత మెత్తటి వాలు కూడా ఉంది. కానీ రోజూ అందరికీ గొండోలా టికెట్ కావాలి, క్యూ ఉంటుంది. అయినా ఇలా ఒక రెండో దారి ఉండటం మేలే. గుల్మార్గ్‌ను ఎంచుకోవడానికి నాకు ఇదీ ఒక పెద్ద కారణం.

మీ తమ్ముడి మాటకు వస్తే, ఆయన చెప్పింది అమెరికాకు నూటికి నూరుపాళ్లు సరైన సలహా. అక్కడ ప్రతి బాటకూ గుర్తు ఉంటుంది. పచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. రాత్రుళ్లు యంత్రాలతో మంచు చదును చేస్తారు. పిల్లల్ని పైకి తీసుకెళ్లడానికి మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే పట్టా ఉంటుంది. బే ఏరియాలో ఉన్న మనవాళ్లు లేక్ తాహో వైపు వెళ్లేటప్పుడు నార్త్‌స్టార్, బోరియల్ లాంటి రిసార్టులను కొత్తవాళ్లకు ఎంచుకునేది అందుకే. మన దేశంలో వాలుకు రంగు గుర్తు ఉంటుందనీ, ప్రతి బాటా చదును చేసి ఉంటుందనీ ఆశించొద్దు. ఇక్కడ ఏ వాలు మీకు తగినదో చెప్పాల్సిన బాధ్యత మీ ఇన్‌స్ట్రక్టర్‌ది. కాబట్టి తమ్ముడు రిసార్టు ఎంపికకు పెట్టేంత శ్రద్ధ మీరు ఇన్‌స్ట్రక్టర్ ఎంపికకు పెట్టండి.

అతన్ని ఎలా ఎంచుకోవాలి? ఎక్కడ శిక్షణ పొందాడో అడగండి. గుల్మార్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. అక్కడ గానీ, పహల్గామ్‌లోని జవహర్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ, మనాలి సంస్థలో గానీ కోర్సులు పూర్తి చేసినవాళ్లు సర్టిఫికెట్ చూపిస్తారు, అడిగితే నొచ్చుకోరు. మొదటి గంటలో ఏం నేర్పిస్తాడో కూడా అడగండి. మంచివాడు జారడం కంటే ముందు పడటం, లేవడం, ఆగడం నేర్పిస్తాడు. స్కీలతో చదును మీద నడవడం, పక్కకు అడుగులేస్తూ వాలు ఎక్కడం, తర్వాత స్కీల ముందు కొనలు దగ్గరకు తెచ్చి వెనక భాగాలు వెడల్పు చేసి ఆగడం. పిల్లలకు దాన్నే "పిజ్జా" అని చెబుతారు, రెండు స్కీలను సమాంతరంగా పెడితే "ఫ్రెంచ్ ఫ్రైస్". రెండో రోజు పిజ్జాతోనే మలుపులు, మూడో రోజు డ్రాగ్ లిఫ్ట్, నాలుగో రోజుకు ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు ఆగకుండా వెళ్లడం. పిల్లలు సాధారణంగా పెద్దవాళ్ల కంటే ముందు పట్టేస్తారు. అందుకే పిల్లలిద్దరికీ ఒక ఇన్‌స్ట్రక్టర్, మీ ఇద్దరికీ ఇంకొకరు ఉంటే మేలు. అమ్మానాన్న పక్కన ఉంటే తొమ్మిదేళ్ల పాప మాటిమాటికీ మీవైపు చూస్తుంది, నేర్చుకోవడం మందగిస్తుంది.

రోజుకు రెండు గంటలు పొద్దున, రెండు గంటలు మధ్యాహ్నం చాలు. అంతకు మించితే కాళ్లు వణుకుతాయి, దెబ్బలు తగిలేది సరిగ్గా ఆ చివరి అరగంటలోనే. పాప "చాలు" అంటే వెంటనే ఆపించండి.

సామాను విషయంలో ఒక్క బూట్ల మీద మాత్రం రాజీ పడొద్దు. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్, నడవడానికి ఇబ్బందిగానే ఉంటుంది. కానీ నొప్పి పుట్టకూడదు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగాన్ని కొద్దిగా తాకాలి, మోకాళ్లు ముందుకు వంచితే వేళ్లు వెనక్కి జరగాలి, మడమ పైకి లేవకూడదు. లోపల ఒక్క జత ఊలు సాక్సు మాత్రమే. చలి అని రెండు జతలు వేస్తే బిగుతై, రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. స్కీలు కొత్తవాళ్లకు గడ్డం ఎత్తు దాకా ఉంటే చాలు. పడినప్పుడు స్కీ బూటు నుంచి విడిపోయేలా బైండింగును (బూటును స్కీకి పట్టి ఉంచే అమరికను) మీ బరువుకు తగ్గట్టు బిగించాలి. షాపులో మీ బరువు అడగకుండా స్కీలు చేతికిచ్చేస్తే అక్కడ తీసుకోవద్దు. కాలి గాయాలను తగ్గించేది ఆ చిన్న అమరికే. పిల్లల హెల్మెట్లు అక్కడ అన్ని సైజుల్లో దొరకవు, ఇంటినుంచే కొనుక్కుని వెళ్లండి. జీన్సు, కాటన్ బట్టలు వాలు మీదకు అస్సలు పనికిరావు, తడిస్తే ఆరవు. లోపల థర్మల్స్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్లు ఇంకని జాకెట్, ప్యాంటు, చేతులకు నీరు చొరని గ్లవ్స్. నల్ల కళ్లజోడు, సన్‌స్క్రీన్ ఎండ లేని రోజు కూడా వాడాలి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి పైకి కొడుతుంది కాబట్టి ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయండి.

అత్తయ్యగారి గురించి. బయల్దేరే ముందు డాక్టర్‌కు 2,650 మీటర్ల ఎత్తున 4 రాత్రులు అని చెప్పి అడగండి. బీపీ అదుపులో ఉండి, ఆయన సరేనంటే తీసుకెళ్లండి. గొండోలా మొదటి దశ దాకా చాలు, రెండో దశ వద్దు. గంటలోపే 2,650 నుంచి 3,950 మీటర్లకు ఎక్కడం ఆ వయసులో గుండెకు అనవసరమైన భారం. ఆమెకు అసలు ముప్పు కాలు జారడం. బూట్లకు కింద తొడిగే ఇనుప పళ్ల పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒక జత కొనండి. హోటల్లో కింది అంతస్తు గది, వాలు కనిపించే కిటికీ అడగండి. పిల్లలు కిందమీద పడుతూ నేర్చుకోవడం లోపల కూర్చుని కహ్వా (కశ్మీరీ టీ) తాగుతూ చూడొచ్చు. కశ్మీర్‌లో రోజూ తినేది అన్నమే కనుక భోజనానికి ఇబ్బంది పడరు, మీ ఆవకాయ సీసా ఒకటి పెట్టుకుంటే చాలు.

గది వేడి గురించి గట్టిగా కనుక్కోండి. రాత్రి మైనస్ 10 దగ్గరికి పోతుంది. సెంట్రల్ హీటింగ్ రాత్రంతా నడుస్తుందా, కరెంటు పోతే జనరేటర్ హీటర్లకూ పనిచేస్తుందా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. బొగ్గు కుంపటి గానీ, గ్యాస్ హీటర్ గానీ తలుపులు బిగించిన గదిలో పెట్టుకుని నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కశ్మీర్‌లో చలికాలంలో కుటుంబాలకు కుటుంబాలే ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నాయి.

హోటల్ నుంచి వాలు ఎంత దూరమో కూడా ముఖ్యమే. గుల్మార్గ్ మైదానం చుట్టూ హోటళ్లు విసిరేసినట్టు ఉంటాయి. తొమ్మిదేళ్ల పాప స్కీ బూట్లతో కిలోమీటరు నడిస్తే క్లాసు మొదలవ్వకముందే అలిసిపోతుంది. కొంచెం ఎక్కువ డబ్బైనా పది నిమిషాల నడకలో ఉన్నదే తీసుకోండి, లేదా స్కీలు, బూట్లు రాత్రికి వాలు దగ్గరి షాపులోనే ఉంచే ఏర్పాటు చేసుకోండి.

అవలాంచ్ గురించి మీవారు అడిగారని రాశారు. 2023లో, 2024లో గుల్మార్గ్ పరిసరాల్లో విదేశీ స్కీయర్లు అవలాంచుల్లో చనిపోయారు. అవి పై కొండల్లో, మైదానానికి దూరంగా జరిగినవి. కింది మెత్తటి వాలు మీద ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. గుల్మార్గ్‌లో స్కీ పాట్రోల్ (వాలుల మీద భద్రత చూసే సిబ్బంది) ఉంది, పై వాలుల పరిస్థితి వాళ్లు రోజూ చూస్తారు. మీరు చేయాల్సింది, తాళ్లు కట్టి మూసిన చోటుకు పోకపోవడం, బాబును ఎవరైనా "ఇంకొంచెం పైకి తీసుకెళ్తాం" అంటే పంపకపోవడం. 13 ఏళ్ల వయసులో నాలుగో రోజుకు ధైర్యం నైపుణ్యాన్ని దాటేస్తుంది, ముందే మాట తీసుకోండి.

చిన్న విషయాలు కొన్ని మిగిలాయి. జమ్మూ కశ్మీర్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటైనా ఉండాలి. మీ ప్రయాణ బీమాలో సాహస క్రీడలు మినహాయించి ఉంటాయి తరచుగా, స్కీయింగ్ అని పేరుపెట్టి రాసి ఉన్న పాలసీ తీసుకోండి. ఖేలో ఇండియా పోటీల తేదీలు ప్రకటించాక చూసుకోండి, ఆ వారంలో గదులు దొరకవు, వాలులు కూడా పోటీలకే ఇస్తారు. బుక్ చేసే ముందు, బయల్దేరే ముందు కశ్మీర్‌కు ప్రయాణ సూచనలు ఏమున్నాయో ఒకసారి చూడండి. తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ విమానాశ్రయంలో తనిఖీలు గేటు బయటే మొదలవుతాయి, సామాను దించి స్కాన్ చేయిస్తారు కాబట్టి మూడు గంటల ముందు చేరాలి. మంచు పడితే, పొగమంచు కమ్మితే విమానాలు రద్దవుతాయి. అందుకే ఏడో రోజు మర్నాడే తప్పించుకోలేని ఆఫీసు పని గానీ, పిల్లల పరీక్ష గానీ పెట్టుకోకండి. శుక్రవారమో శనివారమో తిరుగు టికెట్ ఉండేలా చూసుకుంటే ఒక రోజు అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండదు.